జిప్ కోడ్ కొడితే పలికే ఊరు

స్కానర్ కొనుక్కోవాలని ముచ్చటపడే మనవాళ్లు ఫోన్ చేయగానే అడిగేది ఒకటే: "ఏ మోడల్ మంచిదండీ?" మోడల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీది ఏ కౌంటీయో చెప్పండి అంటాను. అమెరికాలో ఫైరింజన్లు, అంబులెన్సులు, పోలీసులు మాట్లాడుకునే రేడియో ఒక్కో కౌంటీలో ఒక్కో రకం. పక్క కౌంటీలో ఉన్న బావమరిది వంద డాలర్ల పెట్టెలో శుభ్రంగా వింటున్నాడని అదే తెచ్చుకుంటే, మన ఇంట్లో అది రోజంతా మూగగా కూర్చోవచ్చు. తప్పు పెట్టెది కాదు. ఊరి భాష తెలుసుకోకుండా తెచ్చాం, అంతే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కానర్ వినడానికే పుట్టిన రేడియో, దాంతో తిరిగి మాట్లాడలేం. వందలాది ఛానెళ్లను వరసగా తడుముకుంటూ పోతుంది. మాట వినిపించిన చోట ఆగుతుంది, మాట అయిపోయాక జవాబు కోసం రెండు సెకన్లు కాచుకుని మళ్లీ బయల్దేరుతుంది. తొలి రోజుల్లో ఒక్కో ఛానెల్‌కు ఒక్కో స్ఫటికం విడిగా కొని లోపల గుచ్చాల్సి వచ్చేది. తర్వాత కీప్యాడ్ వచ్చింది, ఫ్రీక్వెన్సీలు మనమే కొట్టుకోవాలి. అంతవరకూ ఓపికున్న ఎవరికైనా సాధ్యమే. చిక్కంతా ట్రంకింగ్‌తో మొదలైంది.

సంక్రాంతి రద్దీలో విజయవాడ బస్టాండును తలచుకోండి. గుంటూరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఏది ఖాళీ అయితే అక్కడికి పంపుతారు, ఆ సంగతి మైకులో చెబుతారు. ప్రయాణికుడి చెవి మైకు మీద ఉండాలి. ట్రంకింగ్ రేడియో సరిగ్గా ఇలాగే నడుస్తుంది. ప్లాట్‌ఫారాలు ఫ్రీక్వెన్సీలు, గుంటూరు బస్సు అగ్నిమాపక దళం వాళ్ల టాక్‌గ్రూప్, మైకు కంట్రోల్ ఛానెల్. ఒక మాట ఒక ఫ్రీక్వెన్సీలో, దానికి జవాబు ఇంకో ఫ్రీక్వెన్సీలో రావచ్చు. స్కానర్ కంట్రోల్ ఛానెల్‌ను వింటూ, మనం కోరిన గుంపు ఎటు వెళితే అటు పరుగెత్తాలి. ఇదంతా చేత్తో నింపాలంటే సైట్లు, కంట్రోల్ ఛానెళ్లు, వందల కొద్దీ టాక్‌గ్రూప్ నంబర్లు, వాటికి పేర్లు. వారాంతాలు కరిగిపోయేవి.

దాని మీద డిజిటల్ వచ్చి పడింది. ప్రజా భద్రతా సంస్థలన్నీ ఒకే ప్రమాణంలో మాట్లాడుకోవాలని 1989లో ప్రాజెక్ట్ 25 మొదలుపెట్టారు, వాడుకలో అది పీ25. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ జంట గోపురాల్లో ఉన్న ఎందరో ఫైర్‌మెన్‌కు బయటికి వచ్చేయమన్న ఆదేశం రేడియోలో సరిగా అందలేదు. ఆ విషాదం తర్వాత ఒకరి రేడియో ఒకరికి అందాలన్న పట్టుదల పెరిగింది, ఫెడరల్ నిధులు వచ్చాయి, కౌంటీ తర్వాత కౌంటీ పీ25లోకి మారింది. ఇందులో రెండు దశలున్నాయి. ఫేజ్ 1లో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్ మీద ఒక్క సంభాషణ నడుస్తుంది. ఫేజ్ 2లో అదే వెడల్పును కాలంతో ముక్కలు చేసి రెండు సంభాషణలు నడుపుతారు. ఫేజ్ 1 మాత్రమే తెలిసిన స్కానర్‌కు ఫేజ్ 2 మాటలు అర్థం కావు.

ఈ గొడవంతా 2010లో యూనిడెన్ కంపెనీ ఒక తాకే తెర వెనక దాచేసింది. ఆ యంత్రం పేరు హోమ్‌పట్రోల్. దేశమంతటి రేడియో వ్యవస్థల జాబితా లోపలి మెమరీ కార్డులోనే ఉంటుంది. ఇంటి జిప్ కోడ్ కొట్టి, ఫైరా, పోలీసా, అంబులెన్సా, రైల్వేనా అని ఎంచుకుంటే చాలు, చుట్టుపక్కల ఉన్నవన్నీ పలుకుతాయి. ఆ జాబితాను ఏళ్ల తరబడి పోగేసినవాళ్లు రేడియో రిఫరెన్స్ అనే డేటాబేస్‌కు సమాచారం పంపే మామూలు శ్రోతలు. ఇంట్లో కూర్చుని సిగ్నళ్లను పరిశీలించి, ఫలానా నంబరు ఫలానా ఫైర్‌స్టేషన్‌ది అని గుర్తుపట్టి రాసిపెట్టినవాళ్లు. జిప్ కోడ్ కొట్టగానే పెట్టె పలికినప్పుడల్లా నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది. మనకు సులువుగా దొరికింది వాళ్ల శ్రమే.

ఇప్పుడు ఎంపిక. సెకండ్‌హ్యాండ్‌లో హోమ్‌పట్రోల్-1 చవగ్గా కనిపిస్తే తొందరపడకండి, దానికి ఫేజ్ 2 రాదు. హోమ్‌పట్రోల్-2కు వస్తుంది, 2014లో వచ్చిన బీసీడీ436హెచ్‌పీకీ వస్తుంది, విస్లర్ వాళ్ల టీఆర్ఎక్స్-1కూ వస్తుంది. అయినా ఇంకో గండం ఉంది, దాని పేరు సైమల్‌కాస్ట్. ఊరంతా అందాలని ఒకే మాటను ఒకే ఫ్రీక్వెన్సీలో చాలా టవర్ల నుంచి ఒకేసారి పంపుతారు. అవి మన కిటికీకి కొద్ది కొద్ది తేడాతో చేరి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం తునాతునకలు. చాలామంది యాంటెన్నా చాల్లేదనుకుని ఇంకా పెద్దది కొంటారు, దాంతో మరిన్ని టవర్లు వినిపించి సంగతి ఇంకా చెడుతుంది. ఒక్క టవర్ వైపే చూసే యాగీ యాంటెన్నా పెట్టడమో, పెట్టెను గదిలో రెండడుగులు జరిపి చూడటమో మేలు. అసలైన మందు 2018లో వచ్చిన ఎస్‌డీఎస్100, ఆ తర్వాత బల్ల మీద పెట్టుకునే ఎస్‌డీఎస్200. వాటి రిసీవర్ నిర్మాణమే వేరు. వెల ఎక్కువే, కానీ కౌంటీలో ఫేజ్ 2 సైమల్‌కాస్ట్ ఉందని తేలితే నేను చెప్పేది అదే. మధ్యరకం కొని ఆర్నెల్లు విసుక్కోవడం కంటే ఆర్నెల్లు ఆగి మంచిది కొనడం నయం. కంప్యూటర్‌తో చనువున్న కుర్రాళ్లకు మరో దారి ఉంది: ముప్పై నలభై డాలర్ల ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్, దాంతో పాటు ఉచితంగా దొరికే ఎస్‌డీఆర్‌ట్రంక్ సాఫ్ట్‌వేర్. నేర్చుకోవడానికి దాన్ని మించిన బడి లేదు. ఇంట్లో పెద్దవాళ్లు స్విచ్ వేసి వినాలంటే మాత్రం పనికిరాదు.

డిజిటల్ అసలే అక్కర్లేనివారూ ఉన్నారు. విమానాలు నేటికీ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పాత ఏఎం పద్ధతిలోనే మాట్లాడతాయి. రైళ్ల మాటలు ఎక్కువగా 160, 161 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు ఎఫ్ఎంలో నడుస్తాయి. వీటికి 500 ఛానెళ్ల బీసీ125ఏటీ దివ్యంగా సరిపోతుంది. మా నాన్నకు నచ్చింది అదే. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి తెనాలిలో స్థిరపడ్డారు. మా దగ్గరికి టెక్సస్ వచ్చినప్పుడు టీవీ యాస పట్టుబడక, బయటికెళ్తే పలకరించే మనిషి లేక దిగులుగా ఉండేవారు. ఒక సాయంత్రం రైలు ఛానెల్ పెట్టి ఇచ్చాను. అమెరికాలో పట్టాల పక్కన డిఫెక్ట్ డిటెక్టర్లుంటాయి. రైలు దాటుతుంటే ఇరుసుల పెట్టెలు వేడెక్కాయా, కింద ఏదైనా ఈడ్చుకొస్తోందా అని పసిగట్టి, కొన్ని మార్గాల్లో రికార్డు చేసిన గొంతుతో రేడియోలోనే చెప్పేస్తాయి: మైలురాయి ఇంత, దోషాలు లేవు, మొత్తం ఇరుసులు ఇన్ని. నాన్న రెండోసారికే పట్టేశారు. "ఏరా, ఇది నేను పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి చేసిన పనే కదా! బండి పోతుంటే ఇరుసులు చూసి ఆల్‌రైట్ చూపించడం!" ఆ తర్వాత ఇరుసుల లెక్కను బట్టి వ్యాగన్లెన్నో కాగితం మీద రాసుకునేవారు. గొంతు స్పష్టంగా లేని ఇంజన్ డ్రైవర్ల మాట కూడా మెల్లగా ఆయనకే ముందు అర్థమయ్యేది, సందర్భం తెలుసు కనుక.

వినడంలో ఉన్న విద్య అదే అనుకుంటాను. జిప్ కోడ్ కొట్టిన మొదటి సాయంత్రం ఎవరికైనా చెవి నిండిపోతుంది. చెత్తబండ్లు, స్కూలు బస్సులు, మూడు ఊళ్ల పోలీసులు, ఏదో ఆసుపత్రి సెక్యూరిటీ, అన్నీ ఒకదాని మీద ఒకటి. అందులో ఏ కథా మొదలు నుంచి చివరిదాకా వినపడదు. చాలామంది ఆ వారంలోనే పెట్టెను అటక ఎక్కిస్తారు. మీరు ఆ వారం అవాయిడ్ బటన్ మీద వేలు పెట్టి కూర్చోండి. అక్కర్లేనిది పలికినప్పుడల్లా నొక్కండి. పట్టుకోదగ్గది పలికితే ఫేవరెట్స్ జాబితాలోకి తోయండి. నా జాబితా ఇప్పుడు చాలా చిన్నది: మా ఊరి ఫైర్ డిస్పాచ్, వాళ్లు చోటికి చేరాక మాట్లాడుకునే ఛానెల్, పక్క ఊరి ఫైర్, రైలు, వాతావరణం. డిస్పాచ్ ఒక్కటే పెట్టుకుంటే పిలుపు వినిపిస్తుంది కానీ ఏమైందో తెలియదు. రెండోదీ ఉంటే పొగ తగ్గిందన్న మాట కూడా చెవిన పడుతుంది, మనం నిద్రపోవచ్చు.

నాకు ఇది ఎందుకింత ఇష్టమని అడుగుతారు. తెనాలిలో వీధి చివర ఎవరికి కాలు బెణికినా మా అమ్మకు ఐదు నిమిషాల్లో తెలిసేది. ఇక్కడ సైరన్ మా గేటు ముందునుంచి పోతుంది, ఒక్క తలుపూ తెరుచుకోదు. స్కానర్ వింటూ వింటూ నాకు ఊరు తెలిసింది. ఏ కూడలిలో వానొస్తే కార్లు ఢీకొంటాయో, ఏ వృద్ధాశ్రమానికి అంబులెన్సు తరచూ వెళ్తుందో, మా వీధికి ఏ స్టేషన్ ఇంజన్ వస్తుందో. ఆ స్టేషన్ తలుపులు తెరిచి జనాన్ని పిలిచిన రోజు పిల్లల్ని తీసుకెళ్లాను. గొంతుతో పరిచయమైన కెప్టెన్‌ను చూసి చేయి కలిపాను.

ఇంత దగ్గరగా వింటున్నప్పుడు నోరు అదుపులో ఉండాలి. పడిపోయిన ముసలాయన ఇంటి నంబరు కూడా వినిపిస్తుంది. అది మన వాట్సాప్ గుంపుల్లో పెట్టే సంగతి కాదు. పైగా రేడియోలో వచ్చేది తొలి కబురు, తరచూ మారిపోతుంది. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల నిందితుల కోసం గాలిస్తున్న రాత్రి, స్కానర్‌లో విన్నామంటూ ఏ సంబంధమూ లేనివాళ్ల పేర్లు ఇంటర్నెట్‌లో పాకిపోయాయి. తాము సోదా చేస్తున్న ఇళ్ల వివరాలు బయట పెట్టొద్దని పోలీసులు జనాన్ని వేడుకోవాల్సి వచ్చింది. ఇలాంటివి చూపించే చాలా నగరాలు పోలీసు రేడియోకు తాళం వేస్తున్నాయి. న్యూయార్క్ 2023లో ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టింది. షికాగోలో ప్రజలకు అరగంట ఆలస్యంగా వినిపిస్తారు. తాళం పడ్డ ఛానెల్‌ను ఎంత ఖరీదైన స్కానరూ తెరవలేదు, అది కొనేముందే తెలుసుకోవాలి. సోదాలు, వ్యక్తుల వివరాలు మూసి ఉంచడం న్యాయం. మామూలు డిస్పాచ్‌ను కూడా మూసేయడం మాత్రం నాకు మింగుడుపడదు. తమ డబ్బుతో నడిచే సేవ ఎంత త్వరగా వస్తోందో వినే హక్కు ఊరివాళ్లకు ఉండాలి.

చట్టం మాటా చెప్పుకోవాలి. ఎన్‌క్రిప్షన్ లేని పోలీసు, ఫైర్ రేడియోను ఇంట్లో వినడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. సెల్‌ఫోన్ మాటలు వినడం నేరం. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా వంటి రాష్ట్రాల్లో కారులో పెట్టుకోవడానికి ఆంక్షలున్నాయి, ప్రయాణానికి ముందు చూసుకోండి.

మాలాంటి చోట టోర్నడోల వసంతం వస్తే స్కానర్ సరదా కాస్తా అవసరమవుతుంది. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు ఛానెళ్లలో ప్రభుత్వ వాతావరణ రేడియో రాత్రింబవళ్లు నడుస్తుంది. చాలా స్కానర్లలో కౌంటీ కోడ్ పెట్టుకోవచ్చు. మాది కాలిన్ కౌంటీ, 048085. ఆ కోడ్‌తో హెచ్చరిక వస్తేనే పెట్టె అరుస్తుంది, పొరుగు కౌంటీల గోలకు నిద్ర పాడవదు. వసంతంలోనే అని కాదు, 2019 అక్టోబర్ 20 ఆదివారం రాత్రి ఉత్తర డాలస్‌లో ఈఎఫ్3 టోర్నడో ఇళ్లను చీల్చుకుంటూ పోయింది, అదృష్టం కొద్దీ ప్రాణనష్టం లేదు. అలాంటి రాత్రుల్లో మేఘాలను కళ్లారా చూసి కబురు పంపే హామ్ రేడియో వాలంటీర్లుంటారు. వాళ్ల మాటలను దూరం చేర్చే రిపీటర్ ఛానెల్ కూడా స్కానర్‌లో ఉంచుకుంటే, రాడార్ బొమ్మ చెప్పలేనిది వాళ్ల నోట తెలుస్తుంది.

తెనాలి తిరిగి వెళ్లేటప్పుడు నాన్న ఆ చిన్న స్కానర్ తనకిచ్చేయమన్నారు. ఇవ్వలేకపోయాను. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ యంత్రం దగ్గర ఉంచుకోవడాన్ని 1933 చట్టమే నిషేధించింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమూ రేడియో పరికరం ఉంచుకోవాలంటే అనుమతి తీసుకోమంటుంది. దయచేసి ఎవరూ సూట్‌కేసులో పెట్టి పంపకండి. సక్రమమైన దారి హామ్, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. ఫోన్లు తెగిపోయిన ఆ రోజుల్లో దీవుల క్షేమ సమాచారాలు ఆమె రేడియో మీదుగా మెయిన్‌ల్యాండ్ చేరాయి. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు కావాలి. మా అక్క కొడుక్కి ఈమధ్యే పన్నెండు నిండాయి, తాతా మనవడూ కలిసి చదువుతున్నారు. ఇద్దరికీ రిస్ట్రిక్టెడ్ చాలు కదా అని నేనంటే నాన్న ఒప్పుకోవట్లేదు. స్టేషన్లో టెలిగ్రాఫ్ కొట్టిన చెయ్యి ఇది, జనరల్ గ్రేడే రాస్తాను అంటున్నారు.