ఉప్పునీటిలో ట్రాన్సిస్టర్

మీర్‌పేట్‌లో ఇంజినీరింగ్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతుంటాను. ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వస్తే సరదా, బెంగ రెండూ. ఈసారి ఒక జట్టు "రక్తపు చుక్కలో గుండె జబ్బు పట్టే చిప్ చేస్తాం సార్" అంది. పట్టేది దేన్నర్రా అంటే "బీఎన్‌పీ" అన్నారు. మంచి ఎంపికే. 32 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు మొదట పంది మెదడులో కనిపెట్టారు గానీ, దాన్ని ఎక్కువగా వదిలేది భారం మోయలేకపోతున్న గుండె. రక్తంలో మిల్లీలీటరుకు 100 పికోగ్రాములు దాటితే డాక్టర్లకు హార్ట్ ఫెయిల్యూర్ అనుమానం వస్తుంది.

పుస్తకంలో పద్ధతి తేలికే. 1970లో నెదర్లాండ్స్‌లో పీట్ బెర్గ్‌వెల్డ్ మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ మీది లోహపు గేటు తీసేసి, ఆ చోటును నేరుగా ద్రావణానికి వదిలాడు. పైన అయాన్లు చేరితే కింద కరెంటు మారుతుంది. అక్కడ యాంటీబాడీని అతికిస్తే, లైసీన్, ఆర్జినీన్‌ల వల్ల ధనావేశంతో ఉండే బీఎన్‌పీ వచ్చి వాలగానే కరెంటు కదలాలి.

రక్తంలో అంత సులువుగా కదలదు. అందులోని ఉప్పు అయాన్లు ఆవేశం చుట్టూ మూగి, ఒక నానోమీటరు లోపే దాన్ని కప్పేస్తాయి. యాంటీబాడీ పొడవేమో సుమారు 10 నానోమీటర్లు. నమూనాను పల్చన చేస్తే ఆ హద్దు పెరుగుతుంది, ఉన్న కాస్త పెప్టైడూ ఇంకా తగ్గుతుంది. అందుకే రక్తంలో పట్టి, కడిగి, పల్చటి బఫర్‌లో కొలుస్తారు. లేదంటే యాంటీబాడీకి బదులు ఆప్టమర్లనే పొట్టి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పోగులు వాడతారు. ఆ కడగడానికీ నేర్పు కావాలి.

అంతకంటే పెద్ద చిక్కు గుర్తింపు. ట్రాన్సిస్టర్‌కు ఆవేశం తెలుస్తుంది, అది ఎవరిదో తెలియదు. లీటరు సీరంలో ఆల్బుమిన్ 40 గ్రాముల దాకా ఉంటుంది. మనం వెతికేది గ్రాములో కోటో వంతు. ఆల్బుమిన్‌ను అంటనివ్వకుండా, బీఎన్‌పీనే పట్టుకోవలసింది చిప్ మీద యాంటీబాడీ అతికించిన పైపొర. మా పిల్లలు సర్క్యూట్‌కు నెలలు ఇచ్చి, పైపొరకు వారం ఇస్తారు. నాకది తలకిందుల వ్యవహారంగా తోస్తుంది.

కొల్లాపూర్‌లో పుట్టి వరంగల్‌లో బీటెక్ చదివిన వి. రాంగోపాల్ రావు ఐఐటీ బాంబేలో మరో దారి పట్టారు. ఆయన బృందం సన్నటి పాలిమర్ పట్టీలోనే ట్రాన్సిస్టర్‌ను పొదిగింది. అణువులు అంటుకుంటే పట్టీ వంగుతుంది, ఆ ఒత్తిడికి కరెంటు మారుతుంది. ఆవేశంతో పనిలేదు. గుర్తుపట్టే బాధ్యత మాత్రం అక్కడా పైపొరదే.

మా జట్టును ముందు రెండు చిప్‌లు పక్కపక్కన పెట్టమన్నాను. ఒకదాని మీద బీఎన్‌పీ యాంటీబాడీ, రెండోదాని మీద సంబంధం లేని మరొకటి. ఒకే బఫర్, ఒకే వేడి, గంటసేపు ఏమీ కలపకూడదు. రెండింటి కరెంటు గీతలూ వాటంతటవే ఎంత జారతాయో చూశాకే పెప్టైడ్ సీసా మూత తీయాలి.

"గంటసేపు ఏమీ జరక్కపోతే రిపోర్టులో ఏం రాయాలి సార్?" అన్నాడొకడు.

గీత గంటసేపు కదలకుండా ఉంటే జట్టంతటికీ బిర్యానీ నాదేనన్నాను. ఇంతవరకు ఆ ఖర్చు రాలేదు.