ఇంటి ప్లానుకి సమీక్ష

నవల అచ్చయితే సమీక్ష రాసేవాళ్ళున్నారు. సినిమా విడుదలైతే మ్యాట్నీ అయ్యేలోపల తీర్పు చెప్పేవాళ్ళున్నారు. ఆఖరికి ఆవకాయ జాడీ తెరిస్తే ఉప్పు తక్కువైందనో, ఘాటు చాల్లేదనో చెప్పే విమర్శకులు ప్రతి ఇంట్లోనూ వున్నారు. ఎటొచ్చీ ఏ ఇంట్లో ముప్ఫై నలభై ఏళ్ళు బతకబోతున్నామో ఆ ఇంటి ప్లానుకి మాత్రం సమీక్షకులు లేరు! నవల నచ్చకపోతే మూసి పక్కన పెట్టెయ్యొచ్చు. స్లాబు పడ్డాక ఇల్లు నచ్చకపోతే ఏం చేస్తాం?

మన ఇళ్ళల్లో ప్లాను చూసే తీరే వేరు. మగవాళ్ళు చదరపు అడుగులు లెక్కేస్తారు. పెద్దవాళ్ళు దిక్కులు చూస్తారు. పిల్లలు "నా రూమేదీ?" అంటారు. ఆడవాళ్ళు "వంటిల్లు ఎటుందీ?" అని అడిగి, "ఆగ్నేయంలోనే" అనిపించుకుని వూరుకుంటారు. ఆ వంటింట్లో నిలబడి తల తిప్పితే ఎవరు కనిపిస్తారో, గోడే కనిపిస్తుందో, ఎవరూ అడగరు.

యీమధ్య నా చేతికి మూడు ప్లానులు వచ్చాయి. మా చిన్నమ్మ కూతురు హనుమకొండలో రెండు వందల గజాల స్థలంలో కిందా పైనా ఇల్లు కట్టుకుంటోంది. తూర్పు ముఖం, ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడుగు. వుండేది అయిదుగురు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇంటర్ చదివే ఆడపిల్ల, ఎనిమిదో తరగతి పిల్లాడు, డెబ్భై రెండేళ్ళ అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. "అక్కా, నువ్వు కథలు రాస్తావు కదా, యీ మూడింట్లో ఏది బావుందో చెప్పు" అంది. కథలకీ ప్లానులకీ ఏమిటి సంబంధం అనబోయాను గానీ, చూడగా చూడగా చాలానే వుందనిపించింది. ఎవరు ఎవరికి ఎదురుపడాలో, ఎవర్ని తెర వెనక్కి నెట్టాలో నిర్ణయించేది ప్లాను కూడా!

మొదటిది ఇంటర్నెట్‌లోంచి తీసి స్థలానికి సరిపెట్టిన డ్యూప్లెక్స్. కళ్ళు చెదురుతాయి. రెండంతస్తుల ఎత్తు హాలు, హాల్లోంచే వంపు తిరిగి పైకెళ్ళే మెట్లు, మెట్ల కింద చిన్న ఫౌంటెను... అచ్చం సినిమా సెట్టు! పడగ్గదులు మూడూ పైనే. కింద వున్నది ఒక్కటే గది. దానిమీద "గెస్ట్ రూం" అని రాసి వుంది. అంటే ఏడాదికి నాలుగు రోజులొచ్చే చుట్టానికి కింద గది, ఏడాది పొడుగునా వుండే అత్తగారికి పైన గది!

మెట్లు పద్దెనిమిది. రోజుకి నాలుగుసార్లు ఎక్కితే డెబ్భై రెండు మెట్లు. ఆవిడ వయసెంతో అన్ని! ఏమవుతుందో జోస్యం చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. కొన్నాళ్ళకి ఆవిడ దిగడం మానేస్తుంది. అన్నం పళ్ళెం పైకి వెడుతుంది. ఇంటికెవరొచ్చారో ఆవిడకి తెలీదు, ఆవిడ దగ్గిన సంగతి కిందవాళ్ళకి తెలీదు. కొడుకూ కోడలూ మంచివాళ్ళే అయినా, ప్లాను ఆవిణ్ణి వేరు కాపురం పెట్టించింది.

ఆ ఎత్తు హాలుని సమర్థించేవాళ్ళు "మన పాత భవంతిలాంటిదే కదా" అంటారు. కాదు. నాలుగు వైపులా దాలాన్లు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి వున్న భవంతిలో పగటి వేడి రాత్రికి పైకి పోయేది. యీ హాలు మీద మూతలాగా స్లాబు వుంది. ఎండాకాలం నలభై దాటే వరంగల్లులో ఆ వేడి పైన పడగ్గదుల గుమ్మాల దగ్గరే తిరుగుతుంది. కింద టీవీ మోత పైన చదువుకునే పిల్ల చెవిలో పడుతుంది. బూజు దులపాలంటే నిచ్చెన కావాలి. అలాగని పాత భవంతి స్వర్గమనీ అనను. దాని వంటర్రలో వెలుతురుండేది కాదు, పొగ కళ్ళల్లోకి పోయేది, ఆడవాళ్ళు వెనక దర్వాజ దాటి ముందుకి వచ్చేది తక్కువ. భవంతిలో మెచ్చుకోవాల్సింది గాలి. దాని ఆచారాలు కాదు.

రెండో ప్లాను వాస్తు ప్రకారం గీయించింది. నైరుతిలో పెద్ద పడగ్గది, ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో దేవుడు. వాస్తుని ఎగతాళి చెయ్యడం నా వుద్దేశం కాదు. మనకి వానాకాలపు గాలుల పేరే నైరుతి రుతుపవనాలు. గాలి పడమటినుంచి వచ్చినన్నాళ్ళూ తూర్పు చివర వున్న వంటింటి పొగ గదుల్లోకి రాకుండా బయటికే పోతుంది. అందులో తెలివి వుంది. పైగా తూర్పు ముఖం ఇంట్లో ఆగ్నేయమంటే వీధి వైపే. వండుతూ వీధి చూడొచ్చు, కూరల బండిని పిలవొచ్చు. ఎన్నో ప్లానులు ఆడదాన్ని పెరటికి తోస్తే ఇది ముందుకి తెచ్చింది.

కానీ తెచ్చిన చేత్తోనే ఆ కిటికీకి ఎదురుగా కారు పెట్టింది! ఇక వంటింట్లోంచి కనిపించేది కారు డిక్కీ, వచ్చేది దాని పొగ. అంట్లు తోమే చోటు మాత్రం పడమటి చివర పెరట్లో. ఇల్లు మొత్తం దాటాలి. పై అంతస్తు నైరుతి గదికి పడమటి ఎండ గోడమీదా, నడినెత్తి ఎండ స్లాబు మీదా పడతాయి. సజ్జ వెడల్పు చేసి, పడమటి గోడకి బీరువాలు పెడితే కొంత నయం. ప్లాన్లో అవి లేవు.

అన్నిటికన్నా పెద్ద లోపం అత్తగారే పట్టుకుంది. ఇందులో ఆవిడకి కిందే గది వుంది. అందరం సంతోషిస్తుంటే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ప్లాను మీద వేలు జరుపుతూ, "రాత్రి లేస్తే బాత్రూంకు ఎన్ని అడుగులు బిడ్డా?" అంది. లెక్కేస్తే ముప్ఫై. అందులో సగం వెనక వరండాలోంచి, వాన పడితే తడిలోంచి. బాత్రూం వాయవ్యంలోనే వుండాలని బయటికి జరిపారట. యీ మూడు ప్లానుల మీద నేను విన్న విమర్శల్లో ఇంతకన్నా సూటైనది లేదు.

మూడోది వూళ్ళోనే వున్న ఒక ఇంజనీరు ఆడవాళ్ళతో మాట్లాడి గీసింది. కింద హాలు, భోజనాల చోటు, దాన్ని ఆనుకుని అత్తగారి గది, గదిలోనే బాత్రూం. ఆవిడ మంచం మీద కూర్చుంటే వీధి తలుపూ కనిపిస్తుంది, అన్నాలు తినేవాళ్ళూ కనిపిస్తారు. తలుపు వేసుకుంటే ఆవిడ లోకం ఆవిడది. పైన మూడు గదులు, పక్కనే బట్టల మిషనూ ఆరేసే చోటూ. విడిచే బట్టలెక్కడో ఉతికేదక్కడే కాబట్టి తడి బక్కెట్టు మోసుకుంటూ మెట్లెక్కే శిక్ష లేదు.

ఇది చూస్తే నాకు మన వేయిస్తంభాల గుడి గుర్తొచ్చింది. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి త్రికూటాలయం. శివుడికీ, విష్ణువుకీ, సూర్యుడికీ ఎవరి గర్భగుడి వారిది. ముగ్గురికీ నడుమ మండపం ఒక్కటే. మూడు తరాలున్న ఇంటికి అంతకన్నా మంచి సూత్రం నాకు తెలీదు. మండపం లేకపోతే అది లాడ్జి, గర్భగుడి లేకపోతే అది సత్రం!

అయినా విమర్శకురాలన్నాక మెచ్చుకుని వూరుకోకూడదు. ఇందులోనూ మూడు తప్పులున్నాయి.

ఒకటి వంటిల్లు. ఏడడుగులూ ఎనిమిదడుగులూ. కారుకి నూట ఎనభై చదరపు అడుగులు, వంటకి యాభై ఆరు! నియమానికి లోపం లేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం నివాసపు గదుల్లో ఒకటైనా కనీసం 9.5 చదరపు మీటర్లుండాలి. వంటిల్లు 5 వుంటే చాలు. చిన్న వంటిల్లు చెడ్డదనీ కాదు. 1912లో అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ, ఆడవాళ్ళ పత్రికలోనే, వంటింట్లో వృథాగా వేసే అడుగులు తగ్గించమని రాసింది. 1926లో మార్గరెట్ షూట్ లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ళకి అన్నీ చేతికందే ఇరుకు వంటిల్లు గీసింది. అడుగులు తగ్గిన మాట నిజమే. కానీ అందులో పట్టేది ఒక్కరే అని తర్వాతి తరం స్త్రీలు తప్పు పట్టారు. అదే నా మాటా. రెండో మనిషికి చోటు లేకపోతే "నేనొస్తే నీకడ్డం కదా" అనే సాకు మగవాళ్ళకి ఇంజనీరే రాసిచ్చినట్టు! హాల్లోంచి మూడడుగులు తీసి వంటింట్లో కలపమన్నాను.

రెండు, ఆడపిల్ల గది. బట్టలారేసే చోటికి దారి ఆ గదిలోంచే. ఇంటర్ పరీక్షకి చదివే పిల్ల గదిలోంచి పొద్దునా సాయంత్రం అందరూ నడిస్తే అది గది కాదు, వరండా. తలుపు ఒకటి జరిపి, నడవాలోంచి దారి ఇస్తే సరి. పిల్లాడి గదిలోంచి ఎవరికీ దారి లేకపోవడం కాకతాళీయమే అనుకుందాం.

మూడు, ప్లానులో కనపడని సంగతి. కాగితం మీద పొడుగూ వెడల్పూ వుంటాయి, ఎత్తు వుండదు. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్ళెలా వచ్చాయో చూసినవాళ్ళం. కింద గదిలో ముసలావిడ వుంటుందనుకున్నప్పుడు పునాది రోడ్డు కన్నా ఎంత ఎత్తో ముందు తేల్చాలి. ఎత్తు పెంచితే గుమ్మం ముందు మెట్లు పెరుగుతాయి. అంచేత పక్కన వాలుదారీ కావాలి. మెట్టు ఎత్తు ఏడంగుళాలకి మించకుండా, పట్టుకోవడానికి కమ్మీతో సహా.

ఇవన్నీ ఆఫీసువాళ్ళు చూసుకుంటారులే అనుకోకండి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టింది. తిరగడం తగ్గింది, మంచిదే. ఏ అనుమతైనా చూసేది చుట్టూ వదిలిన ఖాళీ, ఎత్తు, రోడ్డు. ముసలావిడ మంచానికీ బాత్రూంకీ మధ్య దూరం ఏ దరఖాస్తులోనూ వుండదు.

నా తీర్పు మూడో ప్లానుకే, యీ మూడు దిద్దుబాట్లతో. మా మరిదిగారికి మొదటి దాని మీద మనసు. "హాలు చూస్తే నలుగురూ ఆగిపోవాలి వదినా" అంటాడు. ఆగిపోయే నలుగురూ అరగంటలో వెళ్ళిపోతారు నాయనా, వుండేది అయిదుగురు అన్నాను. హాల్లోంచి మూడడుగులు తగ్గించడం మీద ఆ ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది.

మీరూ ఇల్లు కట్టుకుంటుంటే ఒక పని చెయ్యండి. ప్లాను నకలు ఒకటి తీసి, పెన్సిలు పట్టుకుని తెల్లవారుజాము అయిదు గంటలనుంచి రాత్రి దీపాలార్పేదాకా మీరు ఎటు నడుస్తారో గీత గియ్యండి. తర్వాత అత్తగారి రోజు, అమ్మాయి రోజు వేరే రంగుల్లో గియ్యండి. ఎవరి గీత చిక్కుపడిపోయిందో, ఎవరి గీత ఒక మూలే ఆగిపోయిందో కంటికే తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకెళ్ళి ఇంజనీరు ముందు పెట్టండి. ముగ్గు పోసే ముందు అయితే ఆయన తలుపు ఇటునుంచి అటు జరపడానికి అయిదు నిమిషాలు చాలు.