వేగపు అంకెలు – వాని విలువ

నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో గచ్చిబౌలి, మాదాపూరు కంపెనీల పనిని ఇంటనుండియే చేయువారు పలువురు కలరు. ఇంటర్నెట్ తడబడినచో వారి కొలువే తడబడును. అట్టి మా పొరుగువారొకరు సెకనుకు 300 మెగాబిట్ల చందా కట్టి, 1200 అని ముద్రించిన వై-ఫై రౌటరు కొనిరి. ఫోనుతో పరీక్షింపగా వచ్చినది 94. ఇంతకన్న ఖరీదైన రౌటరు కొనుడని దుకాణదారుడు సలహా ఇచ్చెను. ఈ సలహా తప్పు; దానికి మూలము అంకెలను చదువు పద్ధతిలోని దోషము.

మొదట 1200 సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 300, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 867. రెండును కూడగా 1167. దానినే గుండుగా 1200 అనిరి. ఫోను సాధారణముగా ఒకసారి ఒక పట్టీలోనే పనిచేయును గనుక ఈ మొత్తము దానికి అందనే అందదు. ఆ 867 కూడ రేడియో సంకేతముల గరిష్ఠ వేగమే. ప్యాకెట్ల శీర్షికలకును, ‘అందినది’ అను జవాబులకును, పొరుగు రౌటర్లు ఊరకుండువరకు వేచియుండుటకును పోగా, మంచి పరిస్థితులలో మిగులునది సుమారు సగము నుండి మూడింట రెండు వంతులు.

ఇక 94. గాలిలో వచ్చు వేగము గది మారిన మారును, వేళ మారిన మారును. మా పొరుగువారికి హాలులోను, ప్రక్క గదిలోను, ఉదయమును, రాత్రియు 94 దగ్గరనే నిలిచెను. ఇట్టి నిలకడ గాలిది కాదు, తీగది. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో నిండు ప్యాకెట్టు ఒక్కొక్కటి తీగపై 1538 బైట్ల చోటు తీసికొనును. అందులో మనకు దక్కు సమాచారము సుమారు 1448 బైట్లు. అనగా నూటికి 94! గిగాబిట్ వేగమునకు తీగలోని ఎనిమిది పోగులును కలియవలెను. ఏ ఒక్కటి తెగినను వేగము 100కు దిగవచ్చును. రౌటరునకు వచ్చు తీగను మార్చగానే వారి కష్టము తీరినది.

ట్రాయ్ సంస్థ 2016లో వెలువరించిన మైస్పీడ్ వంటి యాప్‌లు మేలే చేసినవి. కాని అవి కొలుచునది రౌటరును కాదు. ఫోను మొదలు దూరపు సర్వరు వరకు గల మార్గమంతటిని. చెరువు ఎంత నిండుగా నున్నను పొలమునకు పారునది తూము పట్టినంతయే కదా!

కావున గిగాబిట్ ద్వారము గల కంప్యూటరును మొదట తీగతో రౌటరునకు కలిపి కొలువవలెను. పిమ్మట ఫోనుతో అదే గదిలోను, ఆపై దూరపు గదిలోను, వేరువేరు వేళలలో పలుమార్లు కొలిచి, నడిమి అంకెను గ్రహింపవలెను. తీగతోనే అంకె తగ్గినచో వై-ఫైని నిందించుట వ్యర్థము. ఎచ్చట, ఎప్పుడు, దేనితో కొలిచితిమో తెలుపని అంకెను నమ్మి డబ్బు వెచ్చింపరాదు.