ముఖము లేని ప్రతినాయకుడు
(ఒక బొమ్మపై విమర్శ)

గడచిన దసరానాడు చిమ్కోడులో మాకు పరిచితులైన ఒక తెలుగువారి ఇంట జమ్మి ఆకు ఇచ్చి పుచ్చుకొనే వేళకు మేమును అక్కడ ఉన్నాము. హైదరాబాదునుండి వచ్చిన మేనమామ ఎనిమిదేండ్ల మేనల్లుని చేతిలో ఒక పెట్టె పెట్టినాడు. పెట్టెకు ముందువైపు పారదర్శకమైన కిటికీ. లోపల నీలిరంగు దుస్తులతో ఒక సేనాని బొమ్మ. బాలుడు పెట్టెను అటు ఇటు త్రిప్పి చూచి, "మామా, ఈయన ఎవరు?" అని అడిగినాడు. "కోబ్రా కమాండరు. విలన్!" "మరి మొగమేదీ?" "అది ముసుగురా. కాని పెట్టె విప్పబోకు. విప్పితే ధర పోతుంది" అని మామ హెచ్చరించినాడు. బాలుడు పెట్టెను అలమారలో పెట్టి, దాని ముందే చాలసేపు కూర్చున్నాడు.

కావ్యములను, నాటకములను పరిశీలించవలసిన పుటలలో ప్లాస్టిక్కు బొమ్మకు చోటేమిటని పాఠకులు అడుగవచ్చును. మా సమాధానం ఇది: మా బాల్యంలో దుష్టపాత్రను మాకు మొదట పరిచయం చేసినది పురాణశ్రవణం. నేటి పిల్లలకు ఆ పరిచయం తరచు ఇటువంటి బొమ్మవలన కలుగుతున్నది. అట్లయినప్పుడు దానిని కూడ కావ్యపాత్రవలెనే పరీక్షించటం న్యాయం.

మొదట పనితనం చూతము. అమెరికాలోని హాస్‌బ్రో సంస్థ 2020లో 'క్లాసిఫైడ్ సిరీస్' అనే పేరుతో ఆరంగుళాల ప్రమాణంలో ప్రారంభించిన బొమ్మల వరుసలోనిది ఇది. మోచేయి, మోకాలు, మణికట్టు, మెడ అన్నియు కీళ్లపై కదులును. దుస్తుల మడతలు, అంచుల బంగారురంగు గీతలు శ్రద్ధతో దిద్దినారు. తుత్తునాగము, రాగి కలిపి పోసిన పాత్రపై వెండితీగను పొదిగి, కోటలోని మట్టితో నలుపు తెప్పించే బిదరీ పనిని ఎరిగిన కండ్లు మనవి. అటువంటి కండ్లకు కూడ ఈ బొమ్మలో నిర్లక్ష్యం కనబడదు. ముఖముండవలసిన చోట మెరిసే లోహపురంగు తొడుగు ఒకటి ఉన్నది. కన్ను లేదు, ముక్కు లేదు, మీసం లేదు.

ఇక ఈ పాత్ర పుట్టుక. హాస్‌బ్రో వారు 1964లో జి.ఐ. జో అనే సైనికుని బొమ్మను విడుదల చేసినారు. మగపిల్లలు 'బొమ్మ' అంటే ముట్టరేమోనని శంకించి, దానికి 'యాక్షన్ ఫిగర్' అనే క్రొత్త పేరు పెట్టినారు. 1982లో ఆ సైనికులనే మూడుముప్పాతిక అంగుళాల చిన్న బొమ్మలుగా మలచి, వారి కథను బొమ్మల పుస్తకంగా వెలువరించే పనిని మార్వెల్ సంస్థకు అప్పగించినారు. అప్పుడు మార్వెల్‌లోని ఆర్చీ గుడ్విన్ అనే సంపాదకునికి ఒక లోపం కనబడినది. వీరులు ఇందరుండగా వారికి శత్రువేడీ? ఆ ప్రశ్ననుండి 'కోబ్రా' అనే దుష్టదళం, దానికి అధిపతిగా ఈ కమాండరు పుట్టినారు. 1982నుండి 1994వరకు నడచిన 155 సంచికలలో అత్యధికభాగం లారీ హామా వ్రాసినాడు.

మన దేశానికి కూడ ఈ బొమ్మలు క్రొత్తవి కావు. 1987లో ఎం.ఆర్.ఎఫ్. సంస్థ హాస్‌బ్రోతో కలిసి ఫన్‌స్కూల్‌ను స్థాపించినది. ఆ కర్మాగారం ఈ వరుస బొమ్మలను ఇక్కడనే పోతపోసి అమ్మినది. ఆనాటి పిల్లలు వాటిని ఇసుకలో పాతిపెట్టి, కాళ్లు చేతులు విరిగేదాక ఆడినారు. విరుగక మిగిలినవాటిని నేడు దేశదేశాలవారు వెదకి కొంటున్నారు.

శత్రువు లేక కథ నడువదని గుడ్విన్ గ్రహించిన సత్యం మన ఆలంకారికులకు క్రొత్త కాదు. దండి తన 'కావ్యాదర్శం'లో, శత్రువు యొక్క వంశమును, పరాక్రమమును, విద్యను ముందుగా వర్ణించి, అట్టివానిని నాయకుడు జయించినాడని చెప్పటంవలన నాయకుని ఔన్నత్యం ఇనుమడించునని సెలవిచ్చినాడు. ఆ గ్రంథాన్ని అనుసరించియే, మనకు చేరువనున్న మాన్యఖేటంలో, తొమ్మిదవ శతాబ్దినాటి రాష్ట్రకూటుల ఆస్థానంలో కన్నడ 'కవిరాజమార్గం' వెలసినది. కనుక మన నేలకు ఈ కొలత పరాయిది కాదు. వంశము, పరాక్రమము, విద్య: ఈ మూడింటితోనే కమాండరును కొలుతము.

రావణుని మాట మనకు తెలిసినదే. పులస్త్యునికి మనుమడు, విశ్రవసునికి కొడుకు, వేదం చదివినవాడు, కైలాసాన్ని కదిలించినవాడు, శివునికి పరమభక్తుడు. ఇట్టివాడు చెడినాడు గనుకనే మనకు భయమును, జాలియు కలుగుతున్నవి. నందమూరి తారకరామారావుగారు 'భూకైలాస్' (1958)లోను, 'సీతారామ కల్యాణం' (1961)లోను రావణపాత్రనే ధరించినారు. ఎస్.వి. రంగారావుగారి నేపాళమాంత్రికుడు (1951), కీచకుడు (1963) నేటికిని తెలుగు ఇండ్లలో మాటలలో బ్రతికియున్నారు. మనవారు ప్రతినాయకునికి పెద్దపీట వేసినారు.

కమాండరుకు వంశం లేదు. తొలినాటి బొమ్మల అట్టవెనుక ప్రతి పాత్రకును ఒక చిన్న జీవితపత్రం అచ్చువేసేవారు. అందులో ఇతని పేరు రహస్యం, పుట్టినచోటు రహస్యం. పరాక్రమం చూతమన్నను, తన యోధులను ముందుకు త్రోసి తాను తప్పించుకొనటంలోనే అతని నేర్పు. విద్యలలో వాగ్ధాటి ఒక్కటే అతనిది. ఇక పేరు. నాగులపంచమినాడు పుట్టకు పాలుపోసే ఇండ్లు మనవి. త్రాచు అనగానే మనకు కలిగే భయంలో భక్తి కూడ ఉన్నది. అక్కడ ఆ పేరులో విషం మాత్రమే ఉన్నది.

అయినను ఒక మాట ఒప్పుకొనక తప్పదు. హామా కథలో ఈ కమాండరు మొదట పాత కార్లు అమ్ముకొని బ్రతికిన సామాన్యుడు. లోకం తనకు అన్యాయం చేసినదనే అక్కసు పెరిగి పెరిగి అతనిని ఇంతవానిని చేసినది. ఇది తెలిసిన తరువాత ఆ నున్నని తొడుగును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ముఖం లేదు గనుక అది ఎవరి ముఖమైనను కావచ్చును. దుష్టుడు లంకలోనే ఉండనక్కరలేదు, మన వీధిలోనే ఉండవచ్చునని చెప్పటం మన పురాతన ప్రతినాయకులకు సాధ్యపడని పని. ఈ విషయంలో హామాను మెచ్చుకొనవలెను. కాని ఈ అర్థం కథలో ఉన్నది, పెట్టెలో లేదు. కథ చెప్పేవారు లేకున్న ఆ తొడుగు వట్టి తొడుగే.

ఇక్కడ మాకు నిమ్మలకుంట రావణుడు గుర్తుకు వస్తున్నాడు. ధర్మవరం దగ్గరి ఆ ఊరిలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలున్నవి. ఆ ఊరివారైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలును వెలుతురు దూరేటంత పలుచగా చేసి, రంగులు వేసి, నగల చోట సన్నని రంధ్రాలు పొడిచి, నడుమ కర్రబద్ద కట్టినప్పుడు రావణుడు సిద్ధమగును. పది తలలకును కండ్లు, మీసాలు, కిరీటాలు ఉండును. ఐనను అతడు అప్పటికి సగం బొమ్మయే. వెనుక దీపం వెలిగి, ప్రక్కన ఒకరు రంగనాథ రామాయణపు ద్విపదను గొంతెత్తి పాడినప్పుడే తెరపై లంకేశ్వరుడు లేచి నిలుచును. ఇంకొక విశేషం మనవంటివారు గమనింపదగినది. ఈ కళాకారులలో అనేకుల ఇంటి భాష మరాఠీ. ఇంట ఒక భాష, తెరవెనుక తెలుగు. తరతరాలుగా నోట పలికినందువలననే ఆ తెలుగు వారికి నిలిచినది.

నేడు ఆ తోలుతోనే దీపపు గుడారాలు, గోడపటాలు కూడ చేస్తున్నారు. అది కళాకారుల కడుపుకూటి మాట, తప్పుపట్టుటకు మేమెవరము? కాని గోడపై అద్దంలో బిగించిన రావణుడును, అలమారలో పెట్టె విప్పని కమాండరును మాకు ఒకే స్థితిలో కనబడుతున్నారు. ఇద్దరును చెక్కుచెదరరు. ఇద్దరును మాటాడరు. సేకరించేవారు లేకపోతే పాత వస్తువులు మిగులవనే వాదం మాకు తెలియకపోలేదు; అది నిజమే. భద్రపరచుటకు కొన్ని పెట్టెలుండవలసినదే. ఇంటిలోనివన్నియు పెట్టెలోనే ఉన్నప్పుడు చిక్కు వస్తుంది.

ఈ మాట బొమ్మతో ఆగదు. 1956 నవంబరు 1న పాత బీదరు జిల్లా మూడు ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌కును, ఉద్గీరు, నీలంగా, అహమదుపూరు బొంబాయి రాష్ట్రానికిని పోగా, బీదరు, భాల్కి, హుమ్నాబాదు మైసూరు రాష్ట్రంలో చేరినవి. మనము ఉన్నచోటనే ఉన్నాము, సరిహద్దు కదలినది. మన పిల్లలు బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ చక్కగా నేర్చినారు. అది లాభమే గాని నష్టం కాదు. కాని తెలుగును మనము ఏం చేసినాము? ఉగాదికి ఒకసారి, పెండ్లికి ఒకసారి తీసి, తుడిచి, మరల లోపల పెడుతున్నాము. తప్పులు పలికి పాడుచేస్తారేమోనని పిల్లల చేతికి ఇచ్చుటకు జంకుతున్నాము. ఈ సంచికయు, ఇందులోని మా వ్యాసమును అటువంటి పెట్టెలే కాకుండునా అని మాకే సందేహం కలుగుతున్నది.

ఆనాటి రాత్రి జరిగినది చెప్పి ముగిస్తాము. భోజనాలైన తరువాత బాలుని నాయనమ్మ అలమార వద్దకు వచ్చి, "ఏమిరా, ఆయనకు ఇంటిపేరు లేదా?" అన్నది. "లేదంట నాయనమ్మా. ఊరు కూడ లేదంట." "ఊరు లేనివాడు ఉంటాడా? బయటికి తియ్యి, అడుగుదాము." బాలుడు మామ ముఖం చూచినాడు. మామ కొంచెంసేపు తటపటాయించి, నవ్వి, కత్తెర తెచ్చి తానే అంటించిన కాగితం కోసినాడు. కమాండరు బయటికి వచ్చినాడు. ఊరేదని నాయనమ్మ అడిగితే బాలుడు ఆలోచించి, "చిమ్కోడు" అన్నాడు. "మన ఊరివాడెట్లా అయితడురా?" "ఏం నాయనమ్మా, మన ఊళ్లో చెడ్డవాళ్లు లేరా?" ఇంటిల్లిపాదియు నవ్వినారు. హామా పుస్తకం ఒక్కటియు చదువని బాలుడు ఆ తొడుగులోని అర్థాన్ని తెలుగులో పట్టుకొన్నాడు. తరువాత ఆ చెడ్డవాడు ఎందుకు చెడినాడో చెప్పుమని అడిగి, ఆమె చేత రావణుని కథ మొదటినుండి చెప్పించుకొన్నాడు.

కనుక మా తీర్పు: పనితనంలో ఈ బొమ్మకు లోటు లేదు; పాత్రగా రావణుని ప్రక్కన నిలువజాలదు; కాని మంచి చెప్పరి దొరికితే ఇంటిలోనికి ఒక మంచి ప్రశ్నను తేగలదు. కొనదలచినవారు కొనవచ్చును. కొన్ననాడే పెట్టె విప్పవలెను. విప్పిననాడు పెద్దవారొకరు పిల్లవాని ప్రక్కన కూర్చుండవలెను.