దాడి ఆట: కాయలను తీయు నియమములు

పాల్వంచ దాటి భద్రాచలము వైపు పోవు అడవి అంచున గల ఆశ్రమ పాఠశాలలలో పలు ఊళ్ల పిల్లలు ఒకచోట చేరుదురు. వారు వరండాలో సుద్దతో దాడి పటము గీసినచో ఒకరివి చింతగింజలు, వేరొకరివి గులకరాళ్లు. ఆట మొదలైన కొంతసేపటికి వాదమును మొదలగును. ఆ వాదము తరచుగా ఎదుటివారి కాయను తీయుటను గురించియే.

పటములో ఒకదానిలో నొకటిగా మూడు చతురస్రములు, వాని భుజముల నడిబిందువులను కలుపు నాలుగు గీతలు ఉండును. బిందువులు 24, మూడేసి బిందువుల వరుసలు 16. చెరి 9 కాయలను వంతులవారీగా ఉంచి, పిదప గీతల వెంట జరుపుదురు. తన కాయలు మూడు ఒక వరుసలో చేరినచో అది దాడి. అప్పుడు ఎదుటివారి కాయ నొకదానిని తీయవచ్చును. రెండే కాయలు మిగిలినవారు, లేక కదలలేనివారు ఓడుదురు.

దాడిలోనున్న కాయను తీయరాదన్నది రెండవ నియమము. విడివిడిగా ఈ రెండును సులభములే. కలిసినప్పుడే ఆటకు ప్రాణము వచ్చును. కట్టిన దాడిని విప్పి మరల కట్టినచో మరొక కాయ దక్కును. కాని విప్పినంతనే ఆ మూడు కాయలకును రక్షణ పోవును. లాభమునకు వెల అపాయము. మూడు కాయలే మిగిలినవారు ఏ ఖాళీ బిందువునకైనను ఎగురవచ్చునని కొందరాడుదురు. ఇదియు మెచ్చదగినదే. ఎదుటివారి నాలుగవ కాయను తీసినవాడే వారికి రెక్క లిచ్చుచున్నాడు!

లోపమెల్ల నియమములు కలియుచోట నున్నది. ఎదుటివారి కాయలన్నియు దాడులలోనే యున్నచో దేనిని తీయవలెను? ఒకే కాయతో రెండు దాడులు కుదిరినచో తీయవలసినది ఒకటా, రెండా? రెండవ ప్రశ్నకు జ్యామితి కొంత వెలుగు చూపును. ఈ పటమున ప్రతి బిందువును రెండు వరుసలకే చెందును. జరిపిన కాయ ఆ రెంటిలో నొకదాని వెంటనే వచ్చును. అది విడిచిన చోటు ఖాళీ యగును గావున ఆ వరుస నిండదు. ఎగురువారికి మూడే కాయలుండును; రెండు దాడులకు ఐదు వలయును. కాబట్టి కాయలుంచు దశలోనే ఈ చిక్కు పుట్టును. మూలలను కలుపు గీతలు గల పటమున నట్లు కాదు. అచ్చట మూలగీత వెంట జరిగిన కాయ రెండు భుజములను ఒకేసారి నింపగలదు. పటము మారినచో నియమపు విలువయు మారును.

ఐరోపావారి 9 కాయల ఆట దీనిని పోలినది. ఇరువురును తప్పు చేయకున్నచో అది సమముగా ముగియునని 1993లో జ్యూరిచ్‌లో రాల్ఫ్ గాసర్ కంప్యూటరు సాయమున నిరూపించెను. ఆ నిరూపణ ఆయన గైకొన్న నియమములకే చెల్లును. నియమము మార్చి ఆడు ఊరి ఆటకు దానిని అంటగట్టుట తగదు.

తన ఊరి నియమమును పాటించిన పిల్లవానిని మోసగాడనుటయు అట్లే తగదు. మొదటి కాయ ఉంచకముందే ఆ రెండు ప్రశ్నలకును సమాధానములు సుద్దతో వ్రాయించవలెను. వాదము తగ్గును, నిర్వచనము లేనిదే నిరూపణము లేదను గణితపాఠమును పిల్లల కబ్బును.