కాటి సీనులో కాపురం

నూజివీడు చుట్టుపక్కల పగలంతా చిక్కం గెడలతో చినరసాలు దించినవాళ్లు, తిరునాళ్ల రాత్రి హరిశ్చంద్ర పద్యనాటకం పెడితే నిద్ర మానుకుని కూర్చుంటారు. వాళ్లు కాచుకునేది కాటి సీను కోసం. భుజాన కంబళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వస్తాడు. హార్మోనియం శ్రుతి అందుకోగానే బీడీలు ఆరిపోతాయి.

అప్పుడు వినిపించే పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోవి కావు. జాషువా విడిగా రాసిన ‘శ్మశానవాటి’ ఖండికలోవి. నటులు తెచ్చి అతికించారు. అతుకు కనబడదు. డి.వి. సుబ్బారావు లాంటివాళ్ల గొంతులో పడ్డాక అవి హరిశ్చంద్రుడి సొంత బాధే అయిపోయాయి.

శ్మశానమంటే మన ఆలంకారికులకు బీభత్సం. భవభూతి ‘మాలతీమాధవం’ అయిదో అంకంలో పిశాచాల సంత పెట్టాడు. జాషువా కూడా భూతాలతో శివుణ్ణి ఆడించాడు గానీ అక్కడ ఆగలేదు. సీసంలో ‘ఇక్కడే, ఇక్కడే’ అంటూ కవి కలాన్నీ, రాజు ముద్రికనూ, లేత ఇల్లాలి నల్లపూసలనూ, చిత్రకారుడి కుంచెనూ ఒక్కొక్కటిగా చూపిస్తాడు. పోయినవాళ్ల వస్తువులివి. మనుషుల పేర్లు చెప్పడు. అందుకే ప్రతి శ్రోతా తన ఇంటి మనిషిని అందులో పెట్టుకుంటాడు.

నన్ను పట్టి ఆపేసేది కొత్త సమాధి మీది దీపం. ఆముదం అయిపోయింది, ఆరడం లేదు. ఇది దీపమేనా, ఏ తల్లో వదిలి వెళ్లిన గుండెనా అని కవికి అనుమానం. ఆ ఒక్క అనుమానంతో వల్లకాడు ఇల్లయిపోతుంది. తర్వాత పెద్దపులినీ మేకనూ పక్కపక్కన పడుకోబెట్టి జోకొట్టే చావు వస్తుంది. అంటరానితనానికి ఇక్కడ చోటు లేదంటాడు. బతికుండగా దాన్ని అనుభవించిన కవి అన్న మాట అది. ఊళ్లలో శ్మశానాలు కూడా కులాల వారీగా ఉన్నాయని కింద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. అయినా ఆ క్షణాన కాదనరు. కవిత్వం చేసిన పని అది.

నాకొక్కటే వెలితి. కథ జరిగేది కాశీలో. అక్కడ మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో చితికి నిప్పు ఇచ్చేది ఇప్పటికీ డోములే. తరతరాలుగా వాళ్ల బతుకు ఆ చితుల పక్కనే. నాటకంలో ఆ కులం మనిషి వీరబాహుడు. కాటికి అసలు కాపురస్తుడు అతనే. అతనికి దక్కింది కల్లుముంతా, పెద్ద గొంతుకా. వల్లకాటి మీద ఇంత గొప్ప పద్యాలు మాత్రం నిన్నగాక మొన్న పనిలో చేరిన రాజుగారికి పోయాయి. జాషువా పద్యం వీరబాహుడి నోట ఎలా ఉంటుందో ఏ నాటక సమాజం వాళ్లయినా ఒక్కసారి వినిపిస్తే బాగుండు.

అంతలో ‘వన్స్ మోర్’ అని అరుపులు. నోట్లు పట్టుకుని ఇద్దరు స్టేజీ ఎక్కారు. హరిశ్చంద్రుడు మళ్లీ మొదటి శార్దూలం ఎత్తుకున్నాడు. కొడుకు శవంతో చంద్రమతి ఇంకో అరగంట తెర చాటున ఆగాల్సిందే.