గండికోట తలుపు మీది ఇనుము

గండికోటకు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది లోయ కోసమే వెళతారు. ఎర్రమల కొండలను పెన్న నది కోసుకుంటూ పోయిన ఆ గండి, సుమారు 300 అడుగుల లోతు, అంచుల మీద పేర్చినట్టుండే ఎర్ర బండలు చూడదగ్గవే. పొద్దు వాలేలోగా అక్కడికి చేరాలన్న తొందరలో అందరూ కోట ద్వారాన్ని గబగబా దాటేస్తారు. ఆ ద్వారం దగ్గర కాసేపు ఆగమని చెప్పడానికే ఈ వ్యాసం. ఇనుప పలకలు తొడిగి, మొనలు బయటికి పొడుచుకొచ్చేలా మేకులు దించిన ఆ పెద్ద చెక్క తలుపు రాయలసీమ కమ్మరి పనితనానికి నాకు తెలిసిన గొప్ప నమూనాల్లో ఒకటి.

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్ల దూరం. 1123లో కాకరాజు ఈ కొండ మీద తొలి కోట కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దాన్ని రాతికోటగా పెంచి ఏలారు. మాధవరాయ స్వామి గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, పావురాల గోపురం ఇప్పటికీ ఉన్నాయి. ఊరు కూడా కోటగోడల లోపలే ఉంది. గోడకు వాడిన రాయి ఆ కొండదే. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని గండికోట క్వార్ట్‌జైట్ అని ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఆ రాతికి ఎరుపునిచ్చేది అందులో కలిసిన ఇనుప ఆక్సైడే. కడప, కర్నూలు జిల్లాల భూమిలో ఇనుము కొత్త సరుకు కాదు. కడప వైపు చాబలి, పెండ్లిమర్రి దగ్గర, కర్నూలు వైపు వెల్దుర్తి, రామళ్ళకోట దగ్గర ఇనుప ఖనిజం ఉంది.

తలుపు విలువ తెలియాలంటే అది కాపాడాల్సిన చోటు ఎలాంటిదో ముందు తెలియాలి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికి గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా కోటను పెమ్మసాని వారి నుంచి గెలుచుకున్నాడు. తావెర్నియే తన యాత్రా గ్రంథంలో కోట అమరికను శ్రద్ధగా రాసిపెట్టాడు. కొండను తొలిచి వేసిన ఇరుకు దారి, దాని పక్కనే అగాధం, అడుగున నది. ఊరికి మూడు వైపులా కొండ చరియలే కాపలా. మైదానం ఉన్న ఒక్క వైపే లోపలికి దారి, అక్కడ చెక్కిన రాతితో మూడు వరసల గోడలు, కందకాలు. ముట్టడి వస్తే లోపలివాళ్ళు కాచుకోవలసింది నాలుగైదు వందల అంగల వెడల్పు మాత్రమే. కోటలో ఉన్నవి రెండే ఇనుప ఫిరంగులనీ, వాటిలో పెద్దదాన్ని ద్వారం మీదే పెట్టారనీ ఆయన రాశాడు. మీర్ జుమ్లా యూరోపు గోలందాజులను రప్పించి, నానా తంటాలు పడి నాలుగు ఫిరంగులను కొండెక్కించి ఆ ద్వారానికే గురిపెట్టించాడు. ద్వారం సగం కూలాకనే కోట లొంగింది. ఆ తర్వాత 1800లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చేదాకా గండికోట పనిచేసే కోటగానే ఉంది. ద్వారాన్ని మళ్ళీ నిలబెట్టకుండా అది జరిగే పని కాదు. కోట బలమంతా వచ్చి చేరేది ఈ ఒక్క చోటికే. అందుకే ఉన్న ఇనుములో అంత భాగాన్ని తలుపుకు పెట్టారు.

ఆ రోజుల్లో ఇనుము ఎలా వచ్చేదో తలచుకుంటే ఆ తలుపు మరో రకంగా కనిపిస్తుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. మట్టితో కట్టిన మనిషెత్తు కొలిమిలో, తోలు తిత్తులు ఊది తెచ్చే వేడి 1200 డిగ్రీల చుట్టుపక్కలే ఉండేది. ఆ వేడికి ఖనిజంలోని రాతిభాగం కరిగి చిట్టెంగా కిందికి జారుతుంది. ఇనుము మాత్రం కరగదు. బొగ్గు నుంచి వచ్చే వాయువు ఖనిజంలోని ప్రాణవాయువును లాగేసుకోగా, నిండా రంధ్రాలున్న ముద్దగా కొలిమి అడుగున మిగులుతుంది. ఇనుమును కరిగించకుండానే రాతి నుంచి విడదీసే విద్య ఇది. ఏ రాయి మంచిదో బరువు చూసి తెలుసుకోవాలి. తుమ్మ, చండ్ర లాంటి గట్టి చెట్ల బొగ్గు కాల్చుకోవాలి. ఒక తిత్తి నిండుతుంటే ఇంకొకటి వదలాలి, గాలి తెగకూడదు. మంట రంగు, చిట్టెం జారే తీరు చూసి ఎప్పుడు ఆపాలో పసిగట్టాలి. ఇవన్నీ కంటికీ చేతికీ వంశపారంపర్యంగా అబ్బిన లెక్కలు.

కొలిమి పగలగొట్టి తీసిన ముద్ద అప్పుడే పనికి రాదు. దాని రంధ్రాల్లో ఇంకా చిట్టెం ఉంటుంది. మళ్ళీ కాచి, దాగలి మీద పెట్టి, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా సమ్మెటలతో బాదితే ఆ చిట్టెం నిప్పురవ్వలతో బయటికి చిమ్ముతుంది. కాచడం, కొట్టడం, మడవడం, మళ్ళీ కాచడం. చివరికి సాగే గుణమున్న మెత్తని ఇనుము చేతికొస్తుంది. పెట్టిన ఖనిజంలో, బొగ్గులో చిన్న పాలే మిగులుతుంది. పెద్ద పని చేయాలంటే చిన్న ముద్దలను తెల్లగా మెరిసేదాకా కాచి, అతుకుల మీద ఇసుక చల్లి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొట్టి కలపాలి. ఆ ఇసుక పైపొరతో కలిసి కరిగి, దెబ్బ పడగానే బయటికి పోతుంది. అప్పుడే ఇనుముకు ఇనుము అంటుకుంటుంది. తంజావూరు కోట మీది భారీ ఇనుప ఫిరంగిని ఇలాగే పట్టీలూ కడియాలూ కొట్టి అతికించి చేశారు.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం. చూపరి కన్ను ముందు మొనల మీదికి పోతుంది. ఏనుగు నుదుటితో మోది తలుపు విరగ్గొట్టకుండా కోట తలుపులకు అలాంటి మొనలు పెట్టేవారు. మొన చేయడం కమ్మరికి బాగా అలవాటైన పని. కడ్డీ కాచి, దాగలి మీద తిప్పుతూ కొడితే మొన తేలుతుంది. నాగలి కర్రు కొట్టే చేతికి అది తెలిసిన కదలికే. కష్టం మొన వెనక ఉంది. మేకు కాడ పలకనూ, దాని వెనక మందమైన చెక్కనూ దాటి అవతలికి రావాలి. ఆ కొసను మడిచి కొట్టి చెక్కలోకి దిగేసి బిగించాలి. ఏనుగు మోదినా, గొడ్డలి వేటు పడినా మేకు వెనక్కి జారకూడదు. కాబట్టి బయట కనిపించే ప్రతి మొనకూ లోపల కనిపించని మరో పని ఉంది.

నన్ను ఎక్కువగా ఆపింది పలకలు. యంత్రాలతో రేకు సాగదీసే మిల్లులు లేని కాలంలో ఇనుప పలక అంటే సమ్మెట దెబ్బల కింద వెడల్పైన ముద్దే. అంచులు చీలకుండా, నడుమ పలచబడకుండా, అంతటా ఒకే మందం వచ్చేలా కొట్టడం చాలా కష్టం. ఒక పక్క చల్లారితే అక్కడ సాగదు, బలవంతంగా కొడితే పగులుతుంది. కాబట్టి పలక ఎంత పెద్దదన్నది ఒక కాపులో చేతికొచ్చే ముద్దను బట్టే ఉంటుంది. అంత పెద్ద తలుపును ఒకే రేకుతో కప్పడం కుదరదు కనుక అనేక పలకలను పక్కపక్కన పేర్చి మేకులతో పట్టారు. అదే మేకు పలకనూ పట్టింది, శత్రువునూ ఆపింది. పలకకూ పలకకూ మధ్య గీతలను చూస్తూ పోతే ఆనాటి కొలిమి ఇవ్వగలిగిన పరిమాణం కళ్ళకు కడుతుంది. తలుపు అంతటా ఆ హద్దు కనిపిస్తూనే ఉంది. ఆ హద్దులోపలే ఉండి చేయగలిగినంత మొత్తం చేసినవాళ్ళ తెలివి కూడా అక్కడే ఉంది.

ఇంత కాలమైనా ఆ ఇనుము పొడిపొడిగా రాలిపోకపోవడానికి కొంత కారణం మన కరువు వాతావరణమే. కడప జిల్లాలో ఏడాది వాన సుమారు 700 మిల్లీమీటర్లు. మరికొంత కారణం తయారీ పద్ధతిలోనే ఉంది. బొగ్గుతో తీసి సమ్మెటతో సాగదీసిన ఇనుములో చిట్టెం సన్నని పోగుల్లా మిగులుతుంది. భాస్వరం కూడా ఉంటే తుప్పు మీద రక్షణ పొర కడుతుంది. ఢిల్లీ ఇనుప స్తంభం మీద ఐఐటీ కాన్పూరు ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం చేసిన పరిశోధన ఈ సంగతిని వివరంగా తేల్చింది.

తావెర్నియే చెప్పిన మరో ఉదంతాన్ని ఈ తలుపు పక్కన పెట్టి చూడాలి. మీర్ జుమ్లా గండికోటలో ఇరవై పెద్ద ఫిరంగులు పోత పోయమని మయే అనే ఫ్రెంచివాడికి పని అప్పగించాడు. అందుకోసం గుళ్ళలోని రాగి విగ్రహాలను తెప్పించారు. మయే ఎంత ప్రయత్నించినా పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ తయారు కాలేదని తావెర్నియే రాశాడు. టన్నుల లోహాన్ని ఒకేసారి కరిగించి, ఒకే అచ్చులో పోయడానికి కావలసిన ఏర్పాటు వేరు. కొంచెం కొంచెంగా కాచి, కొట్టి, అతికి పెద్దది చేయడం ఇక్కడి కమ్మరులకు తెలిసిన దారి. వనరులు తక్కువగా ఉన్న కొండ ఊరికి ఆ దారే సరిపడింది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ విద్యలో మొదటి సగం పోయింది. ఇంగ్లండు నుంచి చవక ఇనుము ఓడల్లో, తర్వాత రైళ్ళలో వచ్చింది. 1882 మద్రాసు అడవుల చట్టంతో బొగ్గుకు కట్టె కొట్టడం నేరమయ్యే పరిస్థితి వచ్చింది. ఖనిజం నుంచి ఇనుము తీసే కొలుములు చల్లారాయి. రెండో సగం, అంటే ఇనుమును కాచి కొట్టే విద్య, ఇంకా మన ఊళ్ళలో ఉంది. పాత లారీ కమాన్ పట్టీలు కోసి, కాచి, కొడవళ్ళు, గొడ్డళ్ళు, గుంటక పాసలు చేసే చేతులు కడప, కర్నూలు జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. తిత్తి స్థానంలో కరెంటు గాలిపంకా వచ్చింది. దాగలి మీద ఇనుమును తిప్పే చేయి మాత్రం అదే.

గండికోట చరిత్ర చెప్పేవాళ్ళు రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చెబుతారు. శాసనాలు ఇచ్చేవి అవే. తలుపు చేసినవాళ్ళు పేరు చెక్కుకోలేదు, వాళ్ళు రాసిందంతా ఇనుము మీదే ఉంది. దాన్ని చదివించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పలకల కొలతలు తీయాలి, మేకులను లెక్కపెట్టాలి, ఫోటోలు తీసి పెట్టాలి. ఈ చుట్టుపక్కల ఇంకా కొలిమి నడిపే కమ్మరులను ఆ తలుపు ముందు నిలబెట్టి ఏది ఎలా చేసి ఉంటారో అడగాలి. వాళ్ళ కన్ను పట్టేది మనకు పట్టదు. ప్రతి చలికాలం బస్సుల్లో విహారయాత్రకు పిల్లలను తెచ్చే హైస్కూలు ఉపాధ్యాయులు లోయకు పోయే ముందు అరగంట ఇక్కడ ఆగితే చాలు. ఖనిజం, బొగ్గు, గాలి, వేడి, చిట్టెం అని పుస్తకంలో చదివిన లోహ సంగ్రహణ పాఠం మొత్తం తమ జిల్లా మనుషులు చేతులతో చేసి చూపించిందేనని పిల్లలు చేత్తో తాకకుండానే, కళ్ళతో చూసి తెలుసుకుంటారు.